నాన్నకి మనసుండదు, గ్యాస్ ఉంటుంది

తెలుగు నాన్న శరీర నిర్మాణం గురించి వైద్యశాస్త్రం ఇంతవరకు పట్టించుకోని సంగతి ఒకటుంది. అందులో మనసు ఉండదు. ఆ ఖాళీలోకి కూడా పొట్టే పెరిగి ఉంటుంది. దిగులు, భయం, అవమానం, ఒంటరితనం మిగతావాళ్లలో వేరువేరుగా పుడతాయట. నాన్నలో మాత్రం ఏది పుట్టినా గొంతుదాకా వచ్చేసరికి గ్యాస్ అయిపోతుంది.

ఊరికే అనడం లేదు. మా అక్క పెళ్లిలో అప్పగింతలయ్యాక నాన్న కనిపించలేదు. వెతికితే షామియానా వెనకాల, గాడిపొయ్యి పక్కన, బోర్లించిన గుండిగ మీద కూర్చుని ఛాతీ రుద్దుకుంటున్నాడు. ఏమైంది నాన్నా అంటే, "పప్పు సరిగా ఉడకలేదురా, గ్యాస్ పట్టేసింది" అన్నాడు. ఆ పూట ఆయన అసలు భోజనమే చెయ్యలేదు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. అయినా అమ్మ వాము, ఉప్పు నలిపి తెచ్చింది. బాబాయి సోడా కొట్టించుకొచ్చాడు. ఆ వంటాయనకి పాపం మా చుట్టాల్లో మళ్లీ ఒక్క పెళ్లి కూడా దక్కలేదు. పప్పు నేను తిన్నాను. వెన్నలా ఉడికింది.

తర్వాత నా వంతు వచ్చింది. రాత్రి మూడింటికి మెలకువ రావడం, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉండడం, తెల్లారేదాకా ఈఎంఐలు లెక్కపెట్టుకోవడం. ఆస్పత్రికి వెళ్తే ఈసీజీ తీశారు, గొంతులోంచి గొట్టం వేసి పొట్టలోకీ చూశారు. చివరికి డాక్టరుగారు అడిగారు, "టెన్షన్లేమైనా ఉన్నాయా?" నేను నోరు తెరిచేలోపు మా ఆవిడ, "ఆయనకేం టెన్షన్లండీ, టెన్షన్లన్నీ నావే" అంది. అది నిజం కూడా. అన్నీ నార్మల్ అని రిపోర్టు వచ్చింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. నేనొక్కణ్ణే కాస్త డీలాపడ్డాను. ఇక చెప్పుకోవడానికంటూ ఏమీ మిగల్లేదు కదా.

మరి ఆడవాళ్ల సంగతేమిటని మీరు అడగబోతున్నారు. వాళ్లదానికి తలనొప్పి అని పేరు. అది వేరే వ్యాసం, నేను రాయకూడనిది.

మా కాలనీ పార్కులో పొద్దున్నే నడిచే నాన్నలు కొందరం ఉన్నాం. అక్కడ కష్టసుఖాలన్నీ అంకెల్లోనే నడుస్తాయి. "నిన్న పరగడుపున 168 వచ్చిందండీ" అంటే అమెరికాలో ఉన్న కొడుకు మూడు వారాలుగా ఫోన్ చెయ్యలేదని అర్థం. "పైది 150, కిందది 100" అంటే అల్లుడితో మాటామాటా వచ్చిందని. వినేవాళ్లూ తెలిసినవాళ్లే కాబట్టి అబ్బాయి ఫోన్ చేశాడా అని ఎవరూ అడగరు. "మెంతులు నానబెట్టి తాగండి" అంటారు. మాకు అంతకు మించిన పరామర్శ లేదు. ఒకాయన, భార్య పోయిన నెలకి, మళ్లీ నడవడానికి వచ్చి, "ఈ మధ్య షుగర్ చూసుకోవడం లేదండీ" అన్నాడు. మెంతులమాట ఎవరూ ఎత్తలేదు. రెండు చుట్లు ఎవరం మాట్లాడకుండా నడిచాం.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనను. 2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తెచ్చింది. ఒంటి జబ్బుకి బీమా ఎలా ఇస్తారో మనసు జబ్బుకీ అలాగే ఇవ్వాలని అందులో రాసింది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ మొదలుపెట్టింది. 14416కి ఫోన్ చేస్తే పగలైనా రాత్రైనా మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఏర్పాటు బాగుంది, పేరు దగ్గరే వచ్చింది చిక్కు. 'మానస్' అంటే నాన్న ఎందుకు చేస్తాడు? అది మనసున్నవాళ్ల వ్యవహారం. అందుకని పాలకులకు నా మనవి. నంబరు అదే ఉంచి, 'గ్యాస్ ట్రబుల్ ఉచిత సలహా కేంద్రం' అని బోర్డు మార్చండి. మర్నాటికల్లా రెండు రాష్ట్రాల్లోనూ లైన్లు కలవవు. ఫోన్ ఎత్తగానే "మీకు ఎలా అనిపిస్తోంది?" అని మాత్రం అడక్కండి. పుట్టి బుద్ధెరిగాక నాన్నని ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు, రాంగ్ నంబరనుకుని పెట్టేస్తాడు. "మోషన్ ఫ్రీగా అవుతోందా?" దగ్గర మొదలుపెట్టండి. తర్వాత మెల్లగా "పాప ఫీజు కట్టేశారా?" అనండి. ఆ తర్వాత "రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది?" అని అడిగి మీరు ఊరుకోండి. మిగతాది ఆయనే చెప్తాడు.

ఆస్పత్రులదీ ఇదే గొడవ. హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు. రెండూ మనసు జబ్బుకి వైద్యం చేసే చోట్లే. మనం వాటిని తిట్లలో వాడి వాడి ఎక్కడికి తెచ్చామంటే, ఎర్రగడ్డ రైతుబజారుకి ఉల్లిపాయల కోసం వెళ్లేవాడు కూడా "సనత్‌నగర్ వైపు పనుంది" అని చెప్పి బయల్దేరుతున్నాడు.

ఈ రోగం ముదిరాక వచ్చేదనుకుంటే పొరపాటు. బిడ్డ కడుపులో ఉన్నప్పటి నుంచి మొదటి పుట్టినరోజు లోపు, తండ్రుల్లో దాదాపు పదిమందిలో ఒకరికి డిప్రెషన్ లక్షణాలు కనిపిస్తాయని పరిశోధకులు చెప్తున్నారు. మన దగ్గర అది బయటపడే అవకాశమే లేదు. తొలి పురుడు పుట్టింట్లో కదా. అల్లుడుగారిని ఫ్యాను కింద కుర్చీలో కూర్చోబెట్టి గంటకోసారి కాఫీ ఇస్తారు. బిడ్డని మాత్రం చేతికివ్వరు, మెడ నిలబడాలంటారు. డైపర్లు అయిపోయినప్పుడే ఆయన గుర్తొస్తాడు. నిద్ర పట్టడం లేదని పొరపాటున అన్నాడో, "నువ్వేమైనా కన్నావా?" అని నవ్వుతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజుల పితృత్వ సెలవుంది. ప్రైవేటులో ఇవ్వాలనే చట్టం లేదు కాబట్టి అంతా మేనేజరు దయ. పదహారో రోజున ఆఫీసుకొచ్చి అందరికీ స్వీట్లు పంచుతాడు. కళ్లు లోపలికి పోయాయేంటని ఎవరైనా అడిగితే అత్తగారి ఊళ్లో నీళ్లు పడలేదంటాడు. పిల్లాడికి ఇంకా పేరు పెట్టలేదు, తండ్రికి అప్పుడే గ్యాస్.

ఒక్క అంకె చెప్పి నా సొంత గొడవలోకి వస్తాను. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో ఈ దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. ప్రతి పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. ఎందుకు పోయారో చెప్పే పట్టిక కూడా ఉంది. కుటుంబ సమస్యలకి ఒక గడి, అనారోగ్యానికి ఒకటి, అప్పులకి ఒకటి. గ్యాస్‌కి గడి లేదు.

ఇక మా అపార్టుమెంటు. రోజూ ఆఫీసు నుంచి వచ్చాక సెల్లార్లో కారు ఆపి, ఇంజిను కట్టేసి, ఓ పదకొండు నిమిషాలు ఊరికే కూర్చుంటాను. పాటలు పెట్టను, ఫోన్ చూడను. 'రోజులో కొంత సమయం మీకోసం కేటాయించుకోండి' అని నిపుణులు చెప్పేది ఇదే అనుకుంటా. వాళ్లకైతే కొవ్వొత్తులూ, సన్నటి సంగీతమూ ఉంటాయి. మాకు డ్రైనేజీ పైపు ఉంది. మొదట్లో ఈ తెలివి నాదే అనుకున్నాను. ఓ రోజు కరెంటు పోయింది. జనరేటరు అందుకునేలోపు ఆ చీకట్లో చూద్దును కదా, అటు ఒకటి, ఇటు రెండు, స్తంభం వెనక ఇంకోటి, కార్లలో ఫోన్ వెలుగులు. ఒక్కో వెలుగు వెనక ఒక్కో నాన్న. లైట్లు రాగానే అందరం ఒకేసారి దిగి, టిఫిన్ డబ్బాలు పట్టుకుని, మోటారు వేశారా లేదా అని ఒకరినొకరు గట్టిగా అడుక్కుంటూ లిఫ్టు ఎక్కాం.

ఆ తర్వాత కూడా ఎవరం ఏమీ అనుకోలేదు. పోయిన గురువారం 302 ఆయన వచ్చి నా కారు అద్దం మీద తట్టాడు. మెయింటెనెన్సు కోసమేమో అనుకున్నాను.

"ఏంటండీ, గ్యాసా?" అన్నాడు.

"అవునండీ."

"నాకూ" అని, చుట్టూ తిరిగొచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. అక్కడున్న నా టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకున్నాడు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఆయన ఉద్యోగం పోయి రెండు నెలలైందట. రోజూ టై కట్టుకుని బయల్దేరుతున్నాడు. ఇంట్లో ఇంకా తెలీదు. మధ్యలో మా ఆవిడ ఫోన్.

"ఏవండీ, కారు వచ్చి గంటయిందని వాచ్‌మన్ అంటున్నాడు. ఎక్కడున్నారు?"

"కిందే. 302 ఆయనకి గ్యాస్ పట్టేసింది, కూర్చున్నాం."

"అయ్యో, వాము పంపించనా?"

ఆయన వైపు చూశాను. తలూపాడు.

"ఇద్దరికి పంపించు" అన్నాను.