ఎవరండీ బాబూ, ఈ పని చేసింది?

పాత ఇల్లు కొని అందులో కాపురం పెట్టిన వారికి ఆ ఇంటి గురించి తెలిసే మొట్టమొదటి సత్యం, అందులో ఇంతవరకు పని తెలిసిన మనిషి ఒక్కడూ అడుగు పెట్టలేదన్నది. ఈ సత్యాన్ని వెల్లడించేది ఆ ఉదయమే అడుగు పెట్టిన మేస్త్రీ. గుమ్మం దాటుతూనే ఆయన కప్పు వైపు ఒకసారి, నేల వైపు ఒకసారి చూసి, గోడ మీద వేలి కణుపులతో రెండు దెబ్బలు వేసి, చావు పలకరింపుకు వచ్చిన దూరపు బంధువులా గొంతు తగ్గించి, “ఎవరండీ బాబూ, ఈ పని చేసింది?” అని అడుగుతాడు.

దీనికి సమాధానం చెప్పబోవడం అనుభవం లేని వారి లక్షణం. రాజమహేంద్రవరం ఇన్నీసుపేటలో మేము కొన్న ఇంటిని కట్టినవారూ, కట్టించినవారూ ఎప్పుడో కాలం చేశారని నేను వినయంగా మనవి చేసుకున్నాను. ఆ మాట వినగానే మేస్త్రీ ముఖం వికసించింది. ముద్దాయి హాజరు కాలేని కేసులో తీర్పు ఎంత సులువో ఆయనకు తెలుసు. మరమ్మతు అంచనా అన్నది చేయవలసిన పనిని బట్టి కాక వెనకటి వాడి అపరాధం తీవ్రతను బట్టి పెరుగుతుందనీ, కనుక తాపీ చేతపట్టే ముందే ఆ అపరాధాన్ని వీలైనంత ఘోరంగా నిరూపించడం వృత్తిధర్మమనీ పాఠకులకు నేను కొత్తగా చెప్పవలసిన పని లేదు.

ఈ ధర్మం సంపూర్ణంగా వికసించింది మా స్నానాల గదిలో. ఆ గదికీ పడకగదికీ మధ్యనున్న గోడకు నడుము ఎత్తున చెమ్మ ఎక్కి, రంగు పొంగి, పెచ్చులు రాలుతుండేవి. కారణం తేల్చడానికి వచ్చిన ప్లంబరు, ఇదంతా తాపీ పని వారి నిర్వాకమనీ, నేల మీది నీళ్ళు బయటికి పోయే తూము, అంటే నహానీ ట్రాప్ చుట్టూ సందు పూడ్చకుండా వదిలేశారనీ తేల్చాడు. తాపీ మేస్త్రీ వచ్చి, గోడలో దాచిన జీఐ ఇనుప పైపు తుప్పు పట్టి కారుతుంటే తాపీ ఏం చేస్తుందని నిలదీశాడు. టైల్స్ మేస్త్రీ నేల మీద చెంబెడు నీళ్ళు పోసి, అవి తూము వైపు కాక గుమ్మం వైపు తీరిగ్గా నడిచిపోతుంటే, “అసలు వాటమే ఇవ్వలేదండీ” అని కళ్ళు మూసుకున్నాడు. రంగుల మేస్త్రీ ఈ ముగ్గురి వాదాలనూ ఆమోదిస్తూనే, ప్రైమరు లేకుండా డిస్టెంపరు పూసిన పూర్వపు రంగుల మేస్త్రీని ప్రత్యేకంగా శపించాడు. ద్వారబంధం కొలుచుకుపోవడానికి మాత్రమే వచ్చిన వడ్రంగి ఇంత మంది మాట్లాడుతుండగా తాను మౌనంగా ఉండటం కులవృత్తికే అవమానమని భావించి, గోడ వంకరగా ఉండబట్టే తలుపు పట్టేస్తోందనీ, తలుపు పట్టేయబట్టే గాలి ఆడటం లేదనీ, గాలి ఆడకపోబట్టే చెమ్మ ఆరడం లేదనీ ఒక సమగ్ర సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. నిలబడటానికి ఇద్దరికి చాలని ఆ గదిలో ఐదుగురు నిపుణులు ఒకరి తర్వాత ఒకరు గోడను తట్టి, దాని నాడి విని, తలలు ఊపుతుంటే, ఇంటి యజమానినైన నేను లోపల చోటు దొరకక గుమ్మం అవతల నిలబడి విచారణ సంఘానికి టీలు అందించాను. అంతసేపూ గోడకున్న కుళాయి చుక్కచుక్కగా వడ్రంగి భుజం మీద కారుతూనే ఉంది. ఆయన కొంచెం పక్కకు జరిగాడే తప్ప, దాన్ని కట్టమని గాని, కారుతోందని గాని సంఘంలో ఎవరూ ప్రస్తావించలేదు. చివరికి ఏకగ్రీవంగా ఆమోదం పొందిన తీర్మానం ఒక్కటే: మొత్తం పగలగొట్టాలి.

గోడ సంగతి కూడా చెప్పాలి. అది సున్నపు గోడ. సున్నాన్నీ ఇసుకనూ గానుగలో వేసి ఎద్దులతో తిప్పించి, బెల్లం నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ కలిపి వాడిన కాలం నాటిది. అటువంటి గోడ పునాదిలోంచి పీల్చిన తేమను తిరిగి గాలిలోకి వదిలేస్తూ బతుకుతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ బయటికి వచ్చే దారి మూసుకుపోయి, పూత దాటి ఇంకా పైకి ఎక్కి, తనతో తెచ్చిన ఉప్పును అక్కడ కక్కి, రంగును తోసేస్తుంది. మా గోడకు నడుము ఎత్తు వరకు ఎవరో మహానుభావుడు సిమెంటు పూసి పోయాడు. పెచ్చులు లేస్తున్నది సరిగ్గా ఆ గీత దగ్గరే. మా మేస్త్రీ ఆ మహానుభావుణ్ణి పది నిమిషాలు తిట్టి, తన చికిత్స సెలవిచ్చాడు: “సున్నం ఆగదండీ. ఈసారి కప్పు దాకా సిమెంటు కొట్టేసి, పైన పుట్టీ పెట్టేద్దాం.” ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో, మన దేశపు తొలి సిమెంటు కర్మాగారాల్లో ఒకటైన పోర్‌బందరు కర్మాగారం నడవడం మొదలైంది 1914లో. ఈ మధ్య కాలంలో గోదావరిని ఏది ఆపి ఉంచిందని అడగాలనిపించింది గాని, ఆ ఆనకట్ట కట్టినవాడికి కూడా పని రాదని ఆయన అంటాడేమోనన్న భయంతో ఊరుకున్నాను.

టేకు తలుపుల విషయం క్లుప్తంగా ముగిస్తాను. అవి పాతబడిపోయాయనీ, ఫ్లష్ డోర్లు పెట్టించుకోవడమే నేటి పద్ధతనీ, పనికిరాని ఆ పాత తలుపులను కేవలం మా మీద అభిమానం కొద్దీ ఉచితంగా తానే ఆటోలో తీసుకుపోతాననీ వడ్రంగి చెప్పాడు. లోకంలో త్యాగనిరతి ఇంకా మిగిలే ఉంది.

ఇలా కట్టినవాణ్ణీ, పూసినవాణ్ణీ, టైల్స్ పరిచినవాణ్ణీ నిలువునా కడిగేసిన ఈ నిపుణుల పరంపరలో, పూర్వీకుల పట్ల అపారమైన గౌరవం నేను చూసింది ఒకే ఒక్క చోట. అది కరెంటు పని దగ్గర. చెక్క పట్టీల మీద రెండే తీగలు పరుగెత్తే పాత వైరింగు అది. గీజరు కోసం పెట్టిన మూడు రంధ్రాల సాకెట్టులో పైనున్న పెద్ద రంధ్రం వెనక, ఎర్తు తీగ ఉండవలసిన చోట, ఏమీ లేదు. హాలు కప్పుకు జిప్సం సీలింగు వేసి, అందులో వరుసగా దీపాలు బిగించి, స్విచ్చి బోర్డులన్నీ తళతళలాడే కొత్తవి పెట్టిన ఎలక్ట్రీషియన్ను ఎర్తు సంగతి అడిగితే, ఆయన ప్రశాంతంగా, “ఇన్నాళ్ళూ అలాగే నడిచింది కదండీ, ఏమీ అవ్వలేదుగా” అన్నాడు. వాషింగ్ మిషను ముట్టుకుంటే జివ్వుమంటోందంటే, “చెప్పులేసుకుని ముట్టుకోండి” అన్నాడు.

“ఎవరండీ బాబూ, ఈ పని చేసింది?” అన్న ప్రశ్న ఇక్కడ కదా అడగవలసింది! గోడ వంకరైతే ఎవరూ చావరు. నేలకు వాటం లేకపోతే కాళ్ళు తడుస్తాయి, అంతే. 230 వోల్టుల కరెంటు గీజరులో పగిలిన ఎలిమెంటు నుంచి బయటపడి భూమిలోకి పోయే దారి వెతుక్కున్నప్పుడు, ఎర్తు తీగ ఉంటే దాని వెంట పోయి ఫ్యూజు కాల్చుకుంటుంది. లేకపోతే కుళాయి పట్టుకుని తడి నేల మీద నిలబడ్డ మనిషి గుండా పోతుంది. లీకయిన కరెంటు 30 మిల్లీయాంపియర్లకు చేరేలోపే సరఫరాను తెంచేసే ఆర్‌సీసీబీ ధర ఆ సీలింగు దీపాల ఖర్చులో ఒక మూలకు రాదు. దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ పెట్టరు, ఎందుకంటే చుట్టాలు వచ్చి చూసి మెచ్చుకునేది దీపాలను. చెప్పులు వేసుకోమంటారా? అంట్లు తోమి, బట్టలు ఉతికే మనిషి చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి రావాలని శాసించింది ఇవే ఇళ్ళు కాదా? ఆ తడి నేల మీద ఒట్టి కాళ్ళతో ఆ మిషను మూత తెరిచేది ఎవరనుకుంటున్నారు? ఏమీ అవ్వలేదట! అయిన ఇళ్ళ గురించి పత్రికలో ఒక చిన్న వార్త వస్తుంది, షాక్ కొట్టి మహిళ మృతి అని. ఆ బోర్డు బిగించిన వాడి పేరు అందులో ఎన్నడూ ఉండదు.

నా ఒత్తిడి భరించలేక ఆ ఎలక్ట్రీషియన్ రెండు రోజుల తర్వాత ఎర్తింగు పూర్తయిందని చెప్పి బిల్లు అందించాడు. బోర్డు విప్పించాను. మూడో రంధ్రానికి ఆకుపచ్చ తీగ, కొత్తది, ముచ్చటగా బిగించి ఉంది. గోడలోకి జానెడు దూరం వెళ్ళి అక్కడితో ఆగిపోయింది. పెరట్లో గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ నింపి, గొట్టం దింపి, ఈ తీగను అక్కడిదాకా తెచ్చేవరకు ఒక్క రూపాయి ఇచ్చేది లేదన్నాను. ఆయన చాలా నొచ్చుకున్నాడు. ఇంత అనుమానపు మనుషుల ఇంట్లో పని చేయడం తన వల్ల కాదన్నాడు.