పురుగుమందు సీసా మెడకు వేలాడే కాగితం గారికి

మహారాజశ్రీ కాగితం గారికి,

ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి, నిన్న భోజనం మానేసి మిమ్మల్ని చదివినవాడు రాయునది.

పెరట్లో వంగ మొక్కలకు కాయతొలుచు పురుగు పడితే మందుల కొట్టుకెళ్లాను. ఆయన మారుమాట లేకుండా ఒక సీసా చేతిలో పెట్టాడు. తెచ్చి కొట్టాను. మూడో రోజు, అంటే నిన్న, మా అమ్మ బుట్టెడు కాయలు కోసుకొచ్చి గుత్తివంకాయ చేయనా అంది. మందు కొట్టాక కోతకి ఎన్నాళ్లు ఆగాలో కాగితంలో రాస్తారమ్మా, చూసి చెబుతానన్నాను. అదీ నేను చేసిన తప్పు.

విప్పితే ఎనిమిది మడతలు. అక్షరాలు చీమ తలకాయంత. నాన్న కళ్లజోడు పెట్టుకున్నాను, లాభం లేదు. ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేస్తే అలుక్కుపోయాయి. హిందీ దాటి, ఇంగ్లిష్ దాటి తెలుగు దొరికేసరికి మూడయింది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు వేసుకోమన్నారు. మా ఊళ్లో మందు కొట్టేవాడికి ఉన్నది తుండుగుడ్డే, అదీ చెమట తుడుచుకోడానికి. మోతాదు మిల్లీలీటర్లలో చెప్పారు, మాదేమో మూత లెక్క. సీసా మీది నీలం త్రికోణం చూసి 'ఎరుపు కాదు కదా, మెత్తని మందే' అనుకున్నాను. నీలమన్నా ప్రమాదమేనని మీరు చెప్పాకే తెలిసింది. సరే, అవన్నీ క్షమించాను.

ఆ రోజుల అంకె ఎక్కడండీ?

పంట: వరి. పురుగు: కాండం తొలుచు పురుగు, ఆకుముడత. ఎకరాకు ఇంత, కోతకు ముందు ఇన్ని రోజులు. బాగానే ఉంది. కింద వంగ ఉంటుందని వెతికాను. వెనక్కి తిప్పాను. మడతలో దాగిందేమోనని వేలితో సాపు చేసి చూశాను. అంకె చెరిగిపోలేదు, అసలు లేనే లేదు! ఫరీదాబాద్‌లో కూర్చున్న పురుగుమందుల రిజిస్ట్రేషన్ కమిటీ మందుకి ఊరికే సరే అనదు, ఏ పంటకి, ఏ పురుగుకి, ఎంత మోతాదో చూసి అనుమతిస్తుంది. ఈ మందుని వంకాయకి ఎవరూ అనుమతించలేదు. లేని అంకె కోసం నా మధ్యాహ్నమంతా తగలేశాను.

సీసా పట్టుకుని మళ్లీ కొట్టుకెళ్తే ఆయన నవ్వాడు. "ఏటవుద్ది బావూ, పురుగు పురుగే కదా. కడుక్కుని తినీండి."

అప్పుడు మీరెక్కడున్నారు? నా జేబులోనే! నోరు మూసుకుని, ఎనిమిది మడతల్లో. అనుమతి ఢిల్లీ పక్కన, అమ్మకం ఆమదాలవలసలో. మధ్యలో ఉన్నది మీరొక్కరే, మీరేమో కనబడని అక్షరాల్లో గొణుగుతారు. సిగ్గు లేదూ?

మీ పుట్టుక తలుచుకోండి. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని 100 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత పదేళ్లకు, 1968లో, పురుగుమందుల చట్టం వచ్చింది. అంత ఏడుపులోంచి వచ్చిన చట్టం చివరికి నా చేతికి అగ్గిపెట్టెంత మడతగా అందింది. కేంద్ర ప్రభుత్వంలోని మీ పెద్దల తొందర కూడా తెలిసిందే. 27 మందులు నిషేధిస్తామని 2020లో ముసాయిదా రాశారు. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి పూర్తిగా పోయినవి డైకోఫాల్, డైనోకాప్, మిథోమిల్, ఆపైన మోనోక్రోటోఫాస్‌లో ఒక రకం. మిగతావాటిలో కొన్నిటికి ఫలానా పంటకి వద్దని గీత గీసి వదిలారు. ఆ గీత కూడా మీ మీదే అచ్చువేస్తారు కదా, ఇక మాకు కనబడినట్టే.

కోపంలో సిగ్గు లేదా అనేశాను గానీ, ఈ వ్యవహారం మొత్తంలో అబద్ధం చెప్పనిది మీరొక్కరే. వరికి అన్నారు, వరికే అన్నారు. అందుకే చింపలేదు, సాపు చేసి క్యాలెండర్ మేకుకి తగిలించాను.

బుట్ట మెట్ల కింద అలాగే ఉంది. అమ్మ పొద్దున్నించి రెండుసార్లు అడిగింది.

ఇట్లు,
ఇవాళ కూడా చారన్నంతో సరిపెట్టుకున్నవాడు