బండి వయసు ఆర్సీలో కాదు, సైలెన్సర్ కింద చూడాలి

1985లో సీడీ 100 తెచ్చినప్పుడు హీరో హోండా చేసిన ప్రచారం చాలామందికి గుర్తుండే ఉంటుంది: పెట్రోలు పోయించు, మూత బిగించు, ఇక మర్చిపో. మెట్ట ప్రాంతాల్లో ఆ మాట చాలావరకు చెల్లింది. గోదావరి డెల్టాలో చెల్లలేదు. ఇక్కడ మర్చిపోయిన బండిని నాలుగు వానాకాలాలు గడిచేసరికి అడుగు నుంచి తుప్పు తినేసి ఉంటుంది. అందుకే రాజోలు, పాలకొల్లు వైపు పాత బండి కొనేవాళ్లలో కాస్త తెలిసినవాళ్లు మీటరు రీడింగు చూసి మోసపోరు. మోకాళ్ల మీద కూర్చుని, సైలెన్సర్ అడుగునా సెంటర్ స్టాండు దగ్గర చాసిస్ మీదా గోరుతో గీకి చూస్తారు. పెచ్చు ఊడివస్తే బేరం అక్కడితో సరి.

పాత బండ్ల గురించి మన దగ్గర మాట్లాడేది రెండు రకాల వాళ్లే. ఒకరు సెంటిమెంటు మనుషులు, రెండోవారు స్క్రాపు మనుషులు. నాన్నగారి బండి అంటారు మొదటివాళ్లు, పొగ గొట్టం అంటారు రెండోవాళ్లు. ఇద్దరూ బండి వయసు గురించే మాట్లాడుతున్నారు. డెల్టాలో బండిని చంపేది నీరు. నీటితో జరిగే ఆ పోరాటం మెకానిక్ షెడ్డులో గెలిచేది కాదు, ఇంటి అరుగు ముందు గెలవాల్సింది.

వరద అందరికీ కనిపించే నీరు. దానికంటే ఎక్కువ నష్టం చేసేది కనిపించని నీరు. మన వాడకం ఎలాంటిదో చూడండి. ఇంటి నుంచి చెరువు గట్టుకి, గట్టు నుంచి సెంటర్‌కి, మళ్లీ ఇంటికి. రెండు మూడు కిలోమీటర్ల తిరుగుడు. ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తాం. పెట్రోలు మండినప్పుడు పుట్టే ఆవిరి బయటికి పోయే వీల్లేక సైలెన్సర్ లోపలే నీరవుతుంది, దాన్ని లోపలి నుంచే తినేస్తుంది. కొంత ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ మూత విప్పితే లోపలి వైపు తెల్లటి నురగ అంటుకుని ఉందంటే జరుగుతున్నది ఇదే. భీమవరం చుట్టుపక్కల దీనికి ఉప్పు తోడవుతుంది. రొయ్యల లోడు లారీల నుంచి కారిన నీరు రోడ్డు మీద పడి, చక్రం చిమ్మి, స్పోకులకూ చైనుకూ చేరుతుంది. మేత బస్తాలు మోసే టీవీఎస్ ఎక్సెల్ మోపెడ్లనైతే రొయ్యల చెరువు దగ్గరే, నీటికి గాలి పట్టించే ఏరేటర్ల తుంపర పడే చోటే నిలబెడతారు.

మెకానిక్ బండిని చూసేది అది ఆగిపోయాక. తుప్పు మాత్రం బండి చక్కగా నడుస్తున్నప్పుడే పని చేసుకుపోతుంటుంది. వారానికోసారి చైను తుడిచి నూనె పట్టించడం, కేబుళ్లలో నాలుగు చుక్కలు వెయ్యడం, ఆయిల్ వేళకు మార్చడం, నెలకోసారైనా ఇరవై కిలోమీటర్లు ఆపకుండా నడిపి ఇంజన్‌ని బాగా కాగనివ్వడం... వీటికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. పానాల సెట్టు, కటింగ్ ప్లేయరు, మంచి స్టార్ స్క్రూడ్రైవరు, ఓపిక చాలు. స్ప్లెండర్, సీడీ 100 లాంటి 97.2 సీసీ ఇంజన్లలో కాగితం ఆయిల్ ఫిల్టరే ఉండదు. మురికిని పట్టేది ఒక జాలీ, ఇంజన్‌తో పాటు తిరుగుతూ మడ్డిని అంచుకు విసిరే ఒక గిన్నె. కాబట్టి ఆ లీటరు లోపు ఆయిల్ మార్చడం వాయిదా వేస్తే దాన్ని కాపాడేది ఇంకేదీ లేదు.

ఇక వరద సంగతి. ధవళేశ్వరం దగ్గర 17.75 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జులైలో ఆ ప్రవాహం 25 లక్షలు దాటింది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులు, 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అదే పెద్దది. అలాంటప్పుడు లంక గ్రామాల్లో మనుషులతో పాటు బండ్లు కూడా ఏటిగట్టు ఎక్కుతాయి. ఎక్కలేనివి మునుగుతాయి.

మునిగిన బండిని లాగగానే అందరూ చేసేది కిక్ కొట్టి చూడటం. కొంప ముంచేది అదే. గాలి నొక్కుకుంటుంది, నీరు నొక్కుకోదు. సిలిండర్లో నీళ్లుండగా బలంగా కొట్టినా, సెల్ఫ్ నొక్కినా పిస్టన్‌కి పైకి వెళ్లే దారి లేక దాన్ని క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు. అప్పటిదాకా వందల్లో తేలే పని వేలల్లోకి వెళ్తుంది. ముందు బ్యాటరీ వైరు తీసెయ్యాలి. ప్లగ్గు విప్పి, కిక్‌ని చేత్తో నెమ్మదిగా నొక్కుతూ పోతే ప్లగ్గు రంధ్రం నుంచి నీళ్లు చిమ్ముతాయి. అవి ఆగి ఉత్త గాలి వచ్చేదాకా నొక్కాలి. తర్వాత అడుగున బోల్టు విప్పి ఆయిల్ వదిలితే అది పాలు ఎక్కువైన టీ రంగులో వస్తుంది. చవక ఆయిల్ పోసి ఐదు పది నిమిషాలు తిప్పి, దాన్నీ వదిలేసి, అప్పుడు మంచి ఆయిల్ పోయాలి. రంగు ఇంకా తెల్లగానే ఉంటే మళ్లీ ఒకసారి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో, కార్బురేటర్ గిన్నెలో, ట్యాంకులో ఉన్న నీళ్లు తియ్యాలి. చక్రాలు విప్పి డ్రమ్ముల్లో ఒండ్రు కడిగి ఆరబెట్టాలి, బేరింగులకు కొత్త గ్రీజు పెట్టాలి. హెడ్‌లైటు డూమ్‌లోని వైర్ల జాయింట్లు ఒక్కొక్కటీ ఊడదీసి ఎండ తగలనివ్వాలి. ఇదంతా ఒకటి రెండు రోజుల్లో జరిగితేనే ఫలితం. ఆ వారం ఏ షెడ్డు ముందు చూసినా బండ్లు వరసకట్టి ఉంటాయి, మీ వంతు వచ్చేసరికి బేరింగులు పట్టేసి ఉంటాయి. అందుకే ఈ పని ఇంట్లో ఒక్కరికైనా వచ్చి ఉండాలంటున్నాను.

ఈ మధ్య నీరు పెట్రోలు బంకు దారిలో కూడా వస్తోంది. 2023 నుంచి మొదలై ఇప్పుడు దాదాపు ప్రతి బంకులోనూ దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. బియ్యం, నూకలు కూడా ఇథనాల్ తయారీకి వెళ్తున్నాయి కనుక డెల్టా రైతుకు ఇందులో కొంత లాభం ఉందన్న వాదనను నేను కాదనను. కానీ ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పూర్వం ట్యాంకులో చేరిన నీరు అడుగున విడిగా ఉండేది. ఇప్పుడు కొంతదాకా పెట్రోల్లోనే కలిసి ఉంటుంది, మోతాదు మించగానే ఇథనాల్‌ని వెంటబెట్టుకుని ఒక్కసారిగా అడుగుకు దిగుతుంది. ట్యాపు రిజర్వులో పెట్టినప్పుడు పెట్రోలు తీసుకునేదేమో ఆ అడుగు నుంచే. కార్బురేటర్ గిన్నె కింద ఉండే చిన్న స్క్రూ వదులు చేసి, గాజు సీసాలోకి పట్టి కాసేపు ఉంచితే తెలిసిపోతుంది: పైన ఒక రంగు, అడుగున మరో పొర, మధ్యలో స్పష్టమైన గీత. బండి చోక్ వేసినా స్టార్ట్ కావట్లేదని ప్లగ్గులు మార్చుకుంటూ పోయేముందు ఆ సీసా చూడాలి.

2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే ఇలాంటి పాత ద్విచక్ర వాహనాల్లో మైలేజీ 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని చెప్పింది. కొన్ని పాత బండ్లలో 20,000-30,000 కిలోమీటర్ల తర్వాత రబ్బరు భాగాలు, గ్యాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ వివరణ ఇచ్చింది. చవకైన పనే, నిజం. అయితే ఏ పైపు, ఏ నీడిల్, ఏ వాషర్ అన్నది ఎవరు చెప్తారు? సీడీ 100 యజమానికి అలాంటి పట్టిక ఏదీ ఇంటికి రాలేదు. నెలల తరబడి కదలని బండిని సగం ట్యాంకుతో వదలొద్దని, ట్యాపు కట్టేసి గిన్నెలో పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపమని చెప్పే బోర్డు ఒక్క బంకులోనూ నాకు కనిపించలేదు.

అన్నీ ఇంట్లోనే చేసుకోవచ్చని చెప్పడం కూడా తప్పే. బోల్టు ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచి లేనివాళ్లు హెడ్ బోల్టుల జోలికి పోకూడదు. బోరు చేయించడం లేత్ పని, క్రాంక్ బేరింగు ప్రెస్సు పని. ఆయిల్ బోల్టుని గట్టిగా ఉండాలని ఒళ్లంతా బలం పెట్టి బిగిస్తే అల్యూమినియంలో థ్రెడ్ పోతుంది. బ్రేకుల విషయంలో ఇంట్లో చెయ్యాల్సింది చూడటం: చాలా బండ్లలో వెనక డ్రమ్ము దగ్గర చిన్న బాణం గుర్తుంటుంది, బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు అది గీతకు చేరిందంటే లైనర్లు అయిపోయినట్టే. కాజ్‌వే మీద నీళ్లలోంచి వచ్చాక కొంతదూరం బ్రేకు లైట్‌గా పట్టి నడిపితే డ్రమ్ములు ఆరతాయి. ఆ మాత్రం కూడా తెలియకుండా పాత బండి నడిపేవాళ్లంటే నాకు భయమే.

ఆర్ఎక్స్ 100 మోజు గురించి కూడా ఒక మాట. 1985 నుంచి 1996 దాకా తయారైన ఆ 98 సీసీ టూ స్ట్రోక్ బండి మంచి యంత్రమే, పదకొండు గుర్రాల బలం ఆ రోజుల్లో తక్కువేం కాదు. ఇప్పుడది డబ్బున్న కుర్రాళ్ల సరదా. మండని పెట్రోలు కొంత పొగతో పాటే బయటికి వదిలే ఆ ఇంజన్‌ని అడ్డుపెట్టుకుని పాత బండ్లన్నిటినీ వెనకేసుకురావడం కుదరదు. నేను మాట్లాడుతున్నది కొబ్బరి దింపు కాయలు మోసే ఎక్సెల్ గురించి, పాల క్యాన్లు కట్టిన స్ప్లెండర్ గురించి. వాటికి బదులు కొత్త బండి అంటే అప్పు.

మరి చట్టం ఏం చూస్తోంది? రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత తనిఖీ చేసి ఐదేళ్ల చొప్పున పొడిగింపు. తనిఖీ ఉండాల్సిందే, అందులో వాదన లేదు. కానీ ఫీజు లెక్కకు వయసే కొలమానం. మోటార్‌సైకిల్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 300 నుంచి 1,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025 ఆగస్టులో 2,000 చేశారు. చక్కగా చూసుకున్న ఇరవై రెండేళ్ల బండి, చాసిస్ పుచ్చిన పదేళ్ల బండి పక్కపక్కన నిలబెడితే రోడ్డు మీద ప్రమాదం దేనితో? రెండోదాన్ని పదిహేనో ఏడు వచ్చేదాకా అలా తనిఖీకి పిలిచేవాళ్లు లేరు.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. రేపటి పాత బండ్లు అవే. వాటిలో తప్పేంటో చెప్పేది స్కానర్. కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, ఆ డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది, అందులో వాహన రంగమూ ఉంది. కస్టమర్ కేర్ నంబర్లు దొరకడం వేరు. ఏ బోల్టు ఎంత బిగించాలో, స్కానర్ చూపే ఏ కోడ్‌కి అర్థమేంటో చెప్పే సర్వీస్ మాన్యువల్, అదీ తెలుగులో, ఎవరైనా తెరిచి చూసుకునేలా ఉంటే అది హక్కు.

ఇంటి రిపేర్లను ఇంత సమర్థించాక వాటి మురికి సంగతి చెప్పకపోతే అన్యాయం. తీసిన నల్లనూనె ఎక్కడికి వెళ్తోంది? కొంత చెద పట్టకుండా గుంజలకు పూస్తారు. మిగతాది పెరటి వెనక పంట బోదెలోకి, అంటే చిన్న కాలువలోకి. వేసవిలో కాలువలు కట్టేసేముందు మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఈ కాలువ నీళ్లతోనే. వాడిన నూనెను తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను 2024 ఏప్రిల్ నుంచి ఉత్పత్తిదారుల మీదే పెడుతూ కేంద్రం నిబంధనలు తెచ్చింది. ఆయిల్ డబ్బా అమ్మే ప్రతి స్పేర్ పార్టుల కొట్టు ముందూ ఒక డ్రమ్ము పెట్టించి, పాత నూనె తెచ్చిన వాళ్లకు కొత్త డబ్బా మీద పది రూపాయలు తగ్గించమని ఆ కంపెనీలను పంచాయతీలు అడగొచ్చు. పది రూపాయలకైనా నూనె తిరిగొస్తుంది, బోదెలోకి పొయ్యరు.