ఏడు బాణాల పెద్దమనిషి గారికి

మహారాజశ్రీ మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ మార్కర్ గారికి,

సఖినేటిపల్లి నుంచి, రోజూ మీ మొహం చూసి కాఫీ తాగే ఒక ప్రోగ్రామర్ నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, ఉభయులూ కుశలంగా ఉంటే మీకిక్కడ పనే లేదు కదండీ. అంచేత ఆ ముక్క వదిలేస్తున్నా.

మిమ్మల్ని ఎరగని అదృష్టవంతుల కోసం ముందు మీ పరిచయం. ఇద్దరు మనుషులు ఒకే ఫైల్లో ఒకే లైనుని ఎవరికి వారు మార్చుకుంటారు. రెండూ కలపమంటే, కోడ్‌లో ఎవరేం మార్చారో లెక్క రాసే గిట్ అనే సాఫ్ట్‌వేర్ చేతులెత్తేసి మిమ్మల్ని పిలుస్తుంది. తమరు వేంచేసి పైన ఏడు ఎడమ బాణాలు, మధ్యలో ఏడు సమానం గుర్తులు, కింద ఏడు కుడి బాణాలు పాతేస్తారు. పై బాణాల పక్కన హెడ్ అని, కింది బాణాల పక్కన అవతలి బ్రాంచ్ (అంటే అవతలివాడు విడిగా మార్చుకుంటున్న కోడ్) పేరు రాస్తారు. అంతే, మీ డ్యూటీ అయిపోయింది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్ రాసేనాటికే మీరు అంతకు ముందు తరం సాఫ్ట్‌వేర్ సీవీఎస్‌లో పాతకాపు. ఇన్నేళ్ల సర్వీసులో ఒక్క తీర్పంటే ఒక్క తీర్పు చెప్పిన పాపాన పోలేదు.

మా లంకల్లో గట్టు తగాదా వస్తే పెద్దమనిషిని పిలుస్తారండీ. మంచివాడైతే పాత కొలతలు తీయిస్తాడు, సర్వే రాయి ఎక్కడుండేదో వెతికిస్తాడు. మీలాంటివాడు ఇంకో రకం. ఇటు ఆయన మాట వింటాడు, అటు ఈయన మాట వింటాడు, ఇద్దరి మాటా యథాతథంగా మళ్లీ ఇద్దరికీ చెబుతాడు, మధ్యలో కర్రతో ఓ గీత గీస్తాడు, బొండాం తాగి లేచిపోతాడు. వెళ్తూ వెళ్తూ ‘మీరూ మీరూ చూసుకోండి’ అంటాడు.

మా కథ వినండి. మేం రాసేది రొయ్యల కొనుగోలుదారులకి లెక్కలు కట్టే చిన్న యాప్. రొయ్య రేటు కౌంట్‌ని బట్టి ఉంటుంది. కేజీకి ఎన్ని తూగితే అంత కౌంట్. 30 కౌంట్ పెద్ద రొయ్య, 100 కౌంట్ చిన్నది, రేటు కూడా ఆ ప్రకారమే. ఈ యాప్ మీద నాతోపాటు పనిచేసే ఆయనది నరసాపురం. మధ్యలో వశిష్ఠ గోదావరి. పంటు ఎక్కితే అవతలి ఒడ్డు ఆయనది. మా కోడ్ మాత్రం ఏ దేశంలోనో ఉన్న సర్వర్ దాకా వెళ్లి, అక్కడ పోట్లాడుకుని, మిమ్మల్ని వెంటేసుకుని తిరిగొస్తుంది.

మీ రాకపోకలకి తగ్గ ఏర్పాట్లు చేయలేదని అనకండి. కోడ్ రాసుకునే ఎడిటర్లలో నేను ఎమాక్స్ మనిషిని. అందులో మీకోసమే ఎస్‌మెర్జ్ మోడ్ అని ఒకటుంది. మీరున్న ఫైల్ తెరిస్తే ఎవరి మాటకి వాళ్ల రంగు పూస్తుంది. మీ తర్వాతి ఉనికి దగ్గరికి దూకాలంటే కంట్రోల్ సి, ఆ పైన షిఫ్ట్ పట్టుకుని ఆరు అంకె నొక్కితే వచ్చే టోపీ గుర్తు, ఆ పైన ఎన్. వెనక్కి రావాలంటే చివర ఎన్ బదులు పి. పైవాడి మాట ఉంచాలంటే యు, కిందివాడిదైతే ఎల్, రెండూ కావాలంటే ఏ. ప్రతిసారీ ముందు ఆ టోపీ పెట్టాలి. నలభై చోట్ల మీరుంటే నలభై టోపీలు. చిటికెన వేలు పని అయిపోతుంది.

ఎమాక్స్ వాడేవాడు ఇలాంటిది చూసి ఊరుకుంటాడా? ఎస్‌మెర్జ్-కమాండ్-ప్రిఫిక్స్ అనే వేరియబుల్ ఉందని కనిపెట్టి, ఆ టోపీ తీసేసి కంట్రోల్ సి, వి పెట్టుకున్నా. ఆ లైను మోడ్ లోడ్ అవకముందే ఉండాలి. తర్వాత పెడితే విననట్టు నటిస్తుంది. అదీ చాల్లేదు. ఎమాక్స్ 28తో వచ్చిన రిపీట్ మోడ్‌కి ఒక చిన్న కీమ్యాప్ రాసి తగిలించా. ఇప్పుడు మొదటిసారి ఒక్కసారి పూర్తిగా నొక్కితే చాలు, ఆ తర్వాత ఎన్, ఎన్, ఎన్ అని గెంతుకుంటూ పోవచ్చు. ఇంట్లో అన్నం తినమని పిలుస్తుంటే ‘కాన్‌ఫ్లిక్ట్ చూస్తున్నా’ అన్నా గానీ, నిజానికి ఆ సాయంత్రం చూసింది కాన్‌ఫ్లిక్ట్ కాదు, కాన్‌ఫ్లిక్ట్‌ల మధ్య గెంతుతుంటే రంగు ఏ షేడ్‌లో ఉంటే బాగుంటుందా అని.

నరసాపురం ఆయనది విమ్ ఎడిటర్. ఆయన అన్ఇంపెయిర్డ్ అనే ప్లగిన్ పెట్టుకుని, కుడి బ్రాకెట్ కొట్టి ఎన్ నొక్కితే మీ దగ్గర వాలతాడు. ఆ ప్లగిన్ లేనిరోజుల్లో లైను మొదట్లో ఏడు బాణాలున్న చోటు వెతకమని ఆయన రాసుకున్న సెర్చ్ ప్యాటర్న్ ఒకటుంది, దాన్ని ఇప్పటికీ ఆస్తి కాగితంలా దాచుకున్నాడు. ఎవరి ఎడిటర్ తొందరగా గెంతుతుందో అని మా ఇద్దరి మధ్య పోటీ. గెంతాక ఏం చేయాలన్నది ఇద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మీ అందరికీ ఏడే బాణాలెందుకు అన్నది ఒకటి మిగిలిపోయింది. ఏడు అనేది డిఫాల్ట్ మాత్రమే, గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైల్లో కాన్‌ఫ్లిక్ట్-మార్కర్-సైజ్ అని పెట్టి పెంచుకోవచ్చు. ఎందుకు పెంచాలి? మార్క్‌డౌన్ అనే సాదా టెక్స్ట్ పద్ధతిలో శీర్షిక కింద సమానం గుర్తులు వరసగా కొట్టే అలవాటున్న వాళ్లుంటారు. సరిగ్గా ఏడు కొట్టారో, మీరనుకుని మా స్క్రిప్టులన్నీ కేకలు పెడతాయి. గిట్ వాళ్లకే ఈ తలనొప్పి తప్పలేదు. మెర్జ్ గురించి రాసిన సొంత డాక్యుమెంటేషన్ ఫైల్లో మీ బొమ్మ వేసి చూపించాలి కదా, ఆ ఫైలుకి 32 పెట్టుకున్నారు. మిమ్మల్ని పెంచిన ఇంట్లోనే మిమ్మల్ని నమ్మరన్నమాట.

ఇప్పుడు అసలు గొడవ. ఒకరోజు గెంతగా గెంతగా ఈ లైన్ల దగ్గర ఆగా. పేర్లు తెలుగులో చెబుతున్నా. పైన నాది:

మొత్తం = (బరువు − క్రేటు) × రేటు

కింద నరసాపురం వారిది:

మొత్తం = బరువు × కౌంట్‌రేటు

చెప్పండి, ఏది ఉంచను? నాది ఉంచితే పెద్ద రొయ్యకీ చిన్న రొయ్యకీ ఒకటే రేటు కడుతుంది. ఆయనది ఉంచితే ప్లాస్టిక్ క్రేటుని కూడా రొయ్యల రేటుకే కొంటారు. మా టీమ్‌లో వీఎస్ కోడ్ వాడే కుర్రాళ్లయితే క్షణం ఆలోచించరు. అక్కడ మీ నెత్తి మీదే యాక్సెప్ట్ కరెంట్, యాక్సెప్ట్ ఇన్‌కమింగ్, యాక్సెప్ట్ బోత్ అని రాసుంటుంది. ‘బోత్ కొట్టెయ్యండి అంకుల్, ఎవరికీ బాధుండదు’ అన్నాడొకడు. కొడితే ఏమవుతుంది? రెండు లైన్లూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. పై లైను లెక్క కట్టిన మొత్తాన్ని కింది లైను తుడిచేసి మళ్లీ కడుతుంది. క్రేటు గాల్లో కలిసిపోతుంది. ఎర్రర్ రాదు, కంపైలర్ నోరెత్తదు. ఇద్దరికీ న్యాయం చేసినట్టే ఉంటుంది, తూకం దగ్గర మాత్రం కొన్నవాడు నష్టపోతాడు.

అసలు అనుమానం వేరే ఉందండీ. ఆయన లైనులో క్రేటు లేదు. మొదట్నుంచీ లేదా, ఉంటే ఆయన తీసేశాడా? తీసేస్తే ఎందుకు తీశాడు? బరువు ముందే తగ్గించి పంపించే ఏర్పాటు ఇంకెక్కడైనా చేశాడేమో, నేను మళ్లీ తగ్గిస్తే రెండుసార్లు తగ్గుతుంది కదా. ఇదంతా మీరు చెప్పరు. రాయి ఇప్పుడెక్కడుందో ఇద్దరూ చెబుతారు, మొదట ఎక్కడుండేదో మీరు దాచిపెడతారు.

దాచిపెడతారని ఎందుకంటున్నానంటే, మీ జేబులో ఉంది కాబట్టి. మెర్జ్.కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ అనే సెట్టింగుని డిఫ్3 చేస్తే, మధ్యలో ఏడు నిలువు గీతలతో ఇంకో గది తెరుస్తారు. అందులో ఇద్దరూ చేయి పెట్టకముందు ఆ లైను ఎలా ఉండేదో చూపిస్తారు. పొలం పాత కొలతలుండే ఎఫ్‌ఎంబీ కాగితం అదే. నా కేసులో ఆ గదిలో ఉన్నది ఇది:

మొత్తం = బరువు × రేటు

అంతే, తగాదా తేలిపోయింది. క్రేటు అక్కడ ఎప్పుడూ లేదు, నేనే చేర్చా. రేటుని కౌంట్‌రేటు చేసింది ఆయన. ఇద్దరం రెండు వేరు వేరు పనులు చేశాం, దురదృష్టం కొద్దీ అవి ఒకే లైనులో పడ్డాయి. జవాబు: బరువులోంచి క్రేటు తీసేసి కౌంట్‌రేటుతో గుణించడం. ఇది చూడ్డానికి పట్టింది కాసేపు, గెంతడానికి నేను చేసుకున్న సొబగులకి పట్టింది పండగ సెలవులన్నీ.

అడిగితే తప్ప ఆ గది తెరవరేమండీ మీరు? గిట్ 2.35లో, 2022 జనవరిలో, జెడ్‌డిఫ్3 అని ఇంకాస్త మెరుగైనది కూడా వచ్చింది. ఇద్దరి మాటల్లో మొదటా చివరా ఒకేలా ఉన్న లైన్లని గొడవలోంచి బయటికి తీసేసి, నిజంగా తేడా ఉన్న ముక్కనే చూపిస్తుంది. అది వచ్చిన కొన్ని నెలలకే మాకు కోనసీమ జిల్లా వచ్చింది. జిల్లా అందరికీ తెలిసింది, మీ సంగతి తెలియలేదు. డిఫాల్ట్‌గా ఇప్పటికీ పాత గీతే గీస్తున్నారు.

ఇంకో ఫిర్యాదు, ఇది మీమీద కాదు, మీ బంధువు రీబేస్ గారి మీద. మామూలు మెర్జ్‌లో ‘అవర్స్’ అంటే నాది, ‘దేర్స్’ అంటే ఎదుటివాడిది. రీబేస్‌లో అది తలకిందులు. నా కమిట్లు, అంటే నేను దాచుకున్న మార్పులు, తీసి అవతలివాడి కోడ్ మీద ఒక్కొక్కటే మళ్లీ పేరుస్తుంది కాబట్టి, అప్పటికే అక్కడున్నది ‘అవర్స్’ అయిపోయి, కష్టపడి నేను రాసుకున్నది ‘దేర్స్’ అయిపోతుంది. కారణం వింటే సబబే. రాత్రి పదకొండింటికి వినాలనిపించదు. ఎస్‌మెర్జ్ వాళ్లు పాత ‘మైన్’ పేరు పక్కనపెట్టి పైది, కిందిది అనే పేర్లకి మారారు. మంచి పని చేశారు. ఎగువేదో దిగువేదో మా డెల్టాలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

మీరు వెళ్లాల్సినప్పుడు వెళ్లరన్నది కూడా ఉంది. కోడ్ ఫైల్లో మీరు మిగిలిపోతే సాధారణంగా కంపైలర్ పట్టుకుంటుంది. టెక్స్ట్ ఫైల్లో దాక్కుంటే ఎవరు పట్టుకుంటారు? ఒకసారి రైతులకి పంపే మెసేజ్ టెంప్లేట్లో ఇరుక్కుని, ‘నమస్కారం’ పైన ఏడు బాణాలతో వాళ్ల ఫోన్లలోకి వెళ్లారు. ఒక పెద్దాయన ఫోన్ చేసి ‘ఈ బాణాలేంటి బాబూ, రేటు పడిపోతుందనా?’ అని అడిగాడు. ఆ రోజు నుంచి కమిట్ చేసే ముందు గిట్ డిఫ్ --క్యాష్డ్ --చెక్‌ని దానంతటదే నడిపించే చిన్న హుక్ పెట్టాం. మిగిలిపోయిన మార్కర్లని అది పట్టేస్తుంది.

ఒకసారి తేల్చిన గొడవని గుర్తుపెట్టుకుని, మళ్లీ అదే గొడవొస్తే అదే తీర్పు వేసే రెరెరె అనే సదుపాయం కూడా మీ ఇంట్లో ఉంది. ఆన్ చేశాం. బాగానే పనిచేస్తోంది, తప్పుడు తీర్పుని కూడా అంతే భక్తిగా గుర్తుపెట్టుకుంటుందన్నది ఒక్కటే ఇబ్బంది. దానికి ఫర్గెట్ అని విడిగా కమాండ్ ఉంది.

నరసాపురం ఆయనకి ఈ డిఫ్3 సంగతి ఫోన్లో చెప్పా.

‘ఏవండీ, ఆ క్రేటు మీరు తీసేశారనుకున్నా.’

‘నేనెందుకు తీస్తానండీ! అసలక్కడ క్రేటు ఉంటే కదా?’

‘ఆయ్, ఇప్పుడే చూశా.’

‘మరి ముందే అడగొచ్చుగా?’

ఎమాక్స్ సర్దుకుంటున్నా అని చెప్పలేదు.

ఆయన సంక్రాంతి ముందు మొదలెట్టిన బ్రాంచ్ ఒకటుంది, ఇంకా కలపలేదు. సోమవారం కలుపుతానన్నాడు. గిట్ 2.38 నుంచి మెర్జ్-ట్రీ కమాండ్‌తో, ఉన్న ఫైళ్లని ముట్టుకోకుండానే మీరు ఎక్కడెక్కడ దిగబోతున్నారో ముందుగా చూసుకోవచ్చు. చూశానండీ. ఒక్క రేట్ల ఫైల్లోనే ఒక బంతికి సరిపడా ఉన్నారు. సోమవారం ఉదయం ఆయన్నే ఇటు రమ్మన్నా, పంటు నడిస్తే తొమ్మిదింటికల్లా వస్తాడు, నడవకపోతే చించినాడ వంతెన మీదుగా బండి మీద. ఆయన విమ్, నా ఎమాక్స్, ఏ ల్యాప్‌టాప్ తెరవాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.

ఇట్లు,
వశిష్ఠ ఎడమ గట్టు ప్రోగ్రామర్