ఆదాయం 2, వ్యయం 14

మొన్న ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక, పులిహోర లైను కదలకముందు, మన తెలుగు సంఘం స్టేజీ మీద స్కిట్ వేశారు. "రెండు విడాకుల రాశివారికి ఆదాయం 2, వ్యయం 14, అవమానం 7" అని పంచె కట్టిన కుర్రాడు చదివాడు. హాలంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వబోయాను. ముందు వరసలో పదేళ్ల పాప తల వంచుకుని పట్టులంగా అంచులో జరీ పోగు లాగుతోంది. వాళ్లమ్మ ఫోను కారులో మర్చిపోయానని లేచి వెళ్లింది. భోజనాలు అయ్యేదాకా రాలేదు.

నేను డాలస్ దగ్గర చిన్న కంపెనీలో పేరోల్ చూస్తాను. ఆ జోకు నా టేబుల్ మీదికి కాగితమై వస్తుంది. తొలిసారి ఒకే మనిషి పేరు మీద ఇద్దరు తల్లుల కేసుల్లో రెండు చైల్డ్ సపోర్ట్ ఆర్డర్లు (పిల్లల ఖర్చుకి తండ్రి జీతంలోంచి కోసి పంపమనే ఆదేశాలు) వచ్చినప్పుడు నాకు చెప్పలేనంత టెన్షన్. అంకెలు మార్చి చెబుతాను. పన్నులు పోను రెండు వారాల జీతం 2,000 డాలర్లు. మొదటి కేసుకి 900, రెండోదానికి 600 కట్టాలి. టెక్సస్‌లో సగానికి మించి కోయకూడదు. 1,500 కావలసినచోట ఉన్నది 1,000.

ముందొచ్చిన ఆర్డరుకి ముందు ఇచ్చేద్దాం అనుకున్నాను. కుదరదట, ఏ కేసుకీ సున్నా రాకూడదు. చాలా రాష్ట్రాల్లో నిష్పత్తి ప్రకారం 600, 400 పంచుతారు. టెక్సస్‌లో చెరిసగం, 500, 500. పిల్లలు ఎక్కడున్నా తండ్రి పనిచేసే రాష్ట్రం లెక్కే చెల్లుతుంది. అంటే ఒక ఇంటికి 400 తక్కువ, ఇంకో ఇంటికి 100. ఆ తగ్గినదంతా అతని పేరున బాకీ. బటన్ నొక్కడానికి నాకు అరగంట పట్టింది.

మా అమ్మమ్మ మామిడిపండు కోస్తే ఎవరం గొడవపడేవాళ్లం కాదని మా పిల్లలకి చెబుతుంటాను. అబద్ధం. టెంక ఎప్పుడూ నాకే వచ్చేది, ఏడ్చేవాణ్ణి. ఊళ్లో ఆలుమగలు విడిపోతే పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని భరణం ఒక్కసారే తెంపేసేవారు. ఆ ఇంటి పిల్ల ఫీజు ఎవరు కట్టారో మళ్లీ అడిగినవాడు లేడు. ఇక్కడ కనీసం ప్రతి పేచెక్‌లో బిడ్డకి ఒక పద్దు ఉంటుంది.

తండ్రుల కష్టం నాకు తెలియనిది కాదు. లేఆఫ్ అయి తక్కువ జీతానికి చేరినా ఆర్డరు దానంతటదే తగ్గదు, కోర్టుకెళ్లి అడగాలి. అడగకముందు పేరుకున్న బాకీని ఏ జడ్జీ కొట్టెయ్యలేడు, 1986 నుంచి ఫెడరల్ చట్టమే అంత. అయినా ఆరేసి నెలలు నోరు మెదపనివాళ్లని చూశాను. నలుగురిలో నవ్వులపాలవుతామని భయం. ఆ నలుగురం మనమే కదా!

కార్యవర్గానికి ఒక్క మనవి. దీపావళికి అత్తాకోడళ్ల మీద ఎన్ని స్కిట్లైనా వేసుకోండి, విడాకుల మీద మాత్రం వద్దు. టాక్స్ సెమినార్ పక్కన కుటుంబ చట్టం తెలిసిన లాయరుకి ఒక గంట ఇవ్వండి. సభ్యత్వ ఫారంలో 'భర్త పేరు' గడి తీసేయండి. ఆ పాప కూచిపూడి నేర్చుకుంటోందట. దీపావళి ప్రోగ్రామ్‌కి పేరు ఇస్తారా అని వాళ్లమ్మని అడగాలని రెండుసార్లు ఫోను తీశాను. ఇంకా చెయ్యలేదు.