పాత జాయ్‌స్టిక్‌లో బ్లూటూత్ మాడ్యూల్ పెడితే సరిపోదు

వాట్సాప్ గ్రూపుల్లో ఒక వీడియో తెగ తిరుగుతోంది. చిన్నప్పటి వీడియో గేమ్ జాయ్‌స్టిక్ విప్పుతారు, లోపల హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూలు, పాత సెల్‌ఫోన్ బ్యాటరీ పెడతారు, నాలుగు వైర్లు అతికించి మూత బిగిస్తారు. తర్వాతి షాట్‌లో ఫోన్‌లో గేమ్ నడుస్తుంటుంది. దానితో పాటు వచ్చే మాటలు: ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, ఏ జాయ్‌స్టిక్ అయినా సరే, ఏ ఫోన్‌కైనా కలుస్తుంది, ఏ గేమైనా ఆడొచ్చు, ఒకసారి ఛార్జ్ చేస్తే నెల్రోజులు. పాత జాయ్‌స్టిక్‌ని వైర్‌లెస్ చేయడం కుదరని పనేం కాదు, భేషుగ్గా కుదురుతుంది. ఆ వీడియోలో చూపించినట్టు మాత్రం కుదరదు.

ముందు "ప్రోగ్రామింగ్ అక్కర్లేదు" అన్న మాట. హెచ్‌సీ-05 చేసేది సీరియల్ పోర్టు పని. ఒక పక్క ఇచ్చిన డేటాని గాల్లోంచి రెండో పక్కకి చేరవేస్తుంది, అంతే. ఆండ్రాయిడ్ ఫోన్‌తో పెయిర్ అవుతుంది, 1234 అని పిన్ కొడితే ఒప్పుకుంటుంది కూడా. అందుకే వీడియోలో ఆ సీను నిజమే. కానీ కీబోర్డు, మౌస్, గేమ్‌ప్యాడ్ ఫోన్‌కి "నేను ఫలానా" అని చెప్పుకునేది హెచ్‌ఐడీ అనే వేరే ప్రొఫైల్‌తో, అంటే బ్లూటూత్‌లో మాట్లాడే ఇంకో పద్ధతితో. మామూలుగా అమ్మే హెచ్‌సీ-05లో అది లేదు. పైగా ఏ బటన్ నొక్కారో చదివి మాడ్యూల్‌కి చెప్పే మైక్రోకంట్రోలర్ (కోడ్ ఎక్కించి నడిపే చిన్న కంప్యూటర్ చిప్) ఒకటుండాలి కదా, ఆ వీడియోలో అదెక్కడా కనిపించదు. బటన్ల వైర్లు నేరుగా మాడ్యూల్‌కి అతికించేశారు. మరి గేమ్ ఎలా నడిచిందంటే, స్క్రీన్ మీద ఇంకెవరి వేలో ఆడుతూ ఉండాలి.

ఈ పనికి సరైనది ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ బోర్డు. బటన్లు చదవడం, బ్లూటూత్ గేమ్‌ప్యాడ్‌లా ఫోన్‌కి కనబడడం రెండూ అదే చేస్తుంది. దానికి కోడ్ రాసే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లో వాడుకోడానికి రెడీమేడ్ లైబ్రరీలున్నాయి, అయినా కాస్త కోడ్ రాసి ఎక్కించక తప్పదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో కొనేటప్పుడు చవగ్గా వస్తోందని ఈఎస్‌పీ8266 తెచ్చుకోకండి, దాంట్లో వైఫై తప్ప బ్లూటూత్ లేదు. ఈఎస్‌పీ32-ఎస్2 కూడా అంతే, పేరు చూసి మోసపోతారు.

"ఏ జాయ్‌స్టిక్ అయినా ఒకటే వైరింగ్" అన్నది అన్నిటికన్నా పెద్ద అబద్ధం. తొంభైల్లో మన ఇళ్లలో ఉన్న వీడియో గేములు చాలావరకు 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌కి నకళ్లు. అదే యంత్రం అమెరికాలో ఎన్ఈఎస్‌గా అమ్మారు. ఒరిజినల్ ఎన్ఈఎస్ జాయ్‌స్టిక్ విప్పితే లోపల ఒకే ఒక్క చిప్ ఉంటుంది: 4021 షిఫ్ట్ రిజిస్టర్. బటన్లు ఎనిమిది, బయటికొచ్చే వైర్లు ఐదే: పవర్, గ్రౌండ్, లాచ్, క్లాక్, డేటా. లాచ్ వైరుని ఒకసారి హై చేసి లో చేస్తే, ఆ క్షణాన ఏయే బటన్లు నొక్కి ఉన్నాయో చిప్ పట్టి పెట్టుకుంటుంది. తర్వాత క్లాక్ ఇచ్చినప్పుడల్లా ఒక్కోటి వరసగా బయటికి పంపుతుంది: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. నొక్కిన బటన్‌కి డేటా లైను సున్నా అవుతుంది. కోడ్ రాసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. "ఏ" బటన్ క్లాక్ కోసం ఆగదు, లాచ్ అవగానే డేటా లైను మీద సిద్ధంగా ఉంటుంది. దాన్ని చదవకుండా ముందే క్లాక్ ఇచ్చేశారా, బీ నొక్కితే ఏ అంటుంది, స్టార్ట్ నొక్కితే సెలెక్ట్ అంటుంది. సోల్డరింగ్ తప్పనుకుని వైర్లన్నీ పీకేసి మళ్లీ అతికిస్తుంటారు పాపం.

నకళ్లకి ఎక్కువగా 9 పిన్నుల ప్లగ్ ఉంటుంది. అటారీ 2600, సెగా మెగా డ్రైవ్ అనే వేరే వీడియో గేములకి కూడా 9 పిన్నులే. చూడ్డానికి ఒకటే, లోపల సంబంధమే లేదు. అటారీ జాయ్‌స్టిక్‌లో చిప్పే లేదు, స్విచ్‌కో వైరు. మెగా డ్రైవ్‌లో 74హెచ్‌సీ157 అనే చిప్ ఉంటుంది, సెలెక్ట్ అనే వైరు హై నుంచి లోకి మారిస్తేనే మిగతా బటన్లు కనిపిస్తాయి. నింటెండో 64 అయితే రాకపోకలన్నీ ఒకే డేటా వైరు మీద. నకళ్లలో వైర్ల రంగుల్ని అసలు నమ్మకండి, మల్టీమీటర్ పెట్టి ఏ వైరు ఎటు పోతోందో చూసుకోవాల్సిందే. 4021 చిప్ 3 వోల్టుల నుంచే పనిచేస్తుంది కాబట్టి ఈఎస్‌పీ32 ఇచ్చే 3.3 వోల్టులు ఒరిజినల్‌కి సరిపోతాయి. నల్ల బొట్టులా చిప్ పోసిన నకళ్ల మీద ఆ గ్యారంటీ ఇవ్వలేం, పెట్టి చూసుకోవడమే.

బ్యాటరీ దగ్గర ఆ వీడియో తప్పే కాదు, ప్రమాదం కూడా. ఉబ్బిన పాత ఫోన్ బ్యాటరీని ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పిల్లల చేతికివ్వడమేంటి? ఫుల్ ఛార్జ్‌లో లిథియం బ్యాటరీ 4.2 వోల్టులుంటుంది. ఈఎస్‌పీ32 చిప్‌కి 3.6 దాటితే ప్రమాదం, కాబట్టి మధ్యలో వోల్టేజీ తగ్గించి నిలకడగా ఇచ్చే రెగ్యులేటర్ కావాలి. చాలా బోర్డుల మీదుండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్‌కి ఇన్‌పుట్‌లో ఒక వోల్టు పైనే అదనంగా ఉండాలి. ఫుల్ ఛార్జ్‌లోనే 3.3 ఇవ్వడానికి ఇబ్బంది పడుతుంది, బ్యాటరీ 3.7కి దిగేసరికి బోర్డు మాటిమాటికీ రీసెట్ అవుతుంది. తక్కువ తేడాతో పనిచేసే, కనీసం 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగలిగే రెగ్యులేటర్ తీసుకోండి. ఛార్జింగ్‌కి అందరూ వాడే టీపీ4056 బోర్డు మామూలుగా 1 ఆంపియర్ మీద ఛార్జ్ చేస్తుంది. జాయ్‌స్టిక్‌లో పట్టే చిన్న 300 మిల్లీఆంపియర్-అవర్ సెల్‌కి అది మరీ ఎక్కువ. బోర్డు మీద 1.2 కిలో ఓముల రెసిస్టర్ తీసేసి 4 కిలో ఓములది పెడితే 300 మిల్లీఆంపియర్లకి దిగుతుంది.

ఇక నెల్రోజుల మాట. బ్లూటూత్ నడుస్తున్నంతసేపూ ఈఎస్‌పీ32 సుమారు వంద మిల్లీఆంపియర్లు లాగుతుంది. అంటే ఆ సెల్‌తో మూడు గంటలు ఆడితే గొప్ప. ఆడనప్పుడు నిద్రపుచ్చొచ్చు గానీ, 4021 వెనకున్న బటన్ దాన్ని లేపలేదు. స్టార్ట్ బటన్ ప్యాడ్ నుంచి విడిగా ఒక వైరు లాగాలి, లేదా చిన్న స్లైడ్ స్విచ్ పెట్టుకోవాలి. స్విచ్చే నయం.

"ఏ ఫోన్‌కైనా" అన్నది ఆండ్రాయిడ్ వరకు దాదాపు నిజం. ఐఫోన్ మాత్రం ఊరూ పేరూ లేని గేమ్‌ప్యాడ్‌ని గుర్తించదు. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ కంట్రోలర్లకి కూడా 2019లో ఐఓఎస్ 13తోనే దారి దొరికింది. మనం తయారు చేసుకున్నదాన్ని బ్లూటూత్ కీబోర్డులా చూపించి, కీబోర్డుకి ఒప్పుకునే ఎమ్యులేటర్‌లో (పాత వీడియో గేమ్ యంత్రాన్ని ఫోన్‌లో అనుకరించే యాప్) ఆడుకోవడం ఒక దారి.

"ఏ గేమైనా" గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎనిమిది బటన్లతో, ఒక్క అనలాగ్ స్టిక్ కూడా లేకుండా బీజీఎంఐ ఆడతారా? అది కంట్రోలర్లకి సపోర్టే ఇవ్వదు, టచ్‌ని ఏమార్చే యాప్‌లు పెడితే అకౌంట్ పోయే ప్రమాదం ఉంది. పాత గేములకి పాత జాయ్‌స్టిక్, ఆ సరదా వేరు.

వెటకారం చేసేవాళ్లు అనే "బ్లూటూత్ అంటే ల్యాగే" కూడా పూర్తి నిజం కాదు. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ ఎల్‌ఈలో అతి తక్కువ కనెక్షన్ విరామం 7.5 మిల్లీసెకన్లు, సెకనుకి 60 ఫ్రేముల గేములో ఒక్కో ఫ్రేము 16.7. ఆలస్యం మరీ ఎక్కువనిపిస్తే చెవిలో బ్లూటూత్ ఇయర్‌బడ్స్ తీసి చూడండి. శబ్దం వెనకబడితే బటన్ వెనకబడ్డట్టే అనిపిస్తుంది.

సోల్డరింగ్ అంటే భయమైతే ఒరిజినల్ ఎన్ఈఎస్ జాయ్‌స్టిక్‌కి 8బిట్‌డూ అనే కంపెనీ వాళ్ల మాడ్ కిట్ ఉంది, లోపలి బోర్డు తీసేసి వాళ్లది బిగించడమే. సోల్డరింగ్ చేసేవాళ్లయినా ఒరిజినల్ వైరు మీద కట్టర్ పెట్టకండి. అదే ప్లగ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి కొని దాన్ని కోసుకోండి, ఈఎస్‌పీ32నీ బ్యాటరీనీ బయట చిన్న డబ్బాలో పెట్టి ఆ తోకకి తగిలించండి.