ఊరి పత్రిక ఊళ్లోనే ఉండాలి

హైదరాబాద్‌లో అచ్చయ్యే పత్రికల ప్రతులను చట్టప్రకారం ఏయే గ్రంథాలయాలకు పంపాలి? కోల్‌కతా, చెన్నై, ముంబయి, ఢిల్లీ. పుస్తకాల ప్రతుల కోసం కేంద్రం 1954లో చేసిన చట్టం 1956లో పత్రికలకూ వర్తించింది. ప్రచురణకర్తలు సొంత ఖర్చుతో ప్రతులు పంపాల్సింది ఈ నాలుగు నగరాల్లోని గ్రంథాలయాలకే. 1954లో హైదరాబాద్ ఒక రాష్ట్రానికి రాజధాని. 1956 నవంబరులో మరింత పెద్ద రాష్ట్రానికి రాజధాని అయింది. అయినా ఆ జాబితాలో దాని పేరు లేదు, ఆ తర్వాతా చేరలేదు. మా బాధ నగర ప్రతిష్ఠ గురించి కాదు. నల్లగొండలోనో, సిద్దిపేటలోనో చదువుకునే పరిశోధక విద్యార్థి తన ఊరి గురించి యాభై ఏళ్ల కిందట పేపర్లో ఏం రాశారో చూడాలంటే చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి రైలెక్కాల్సి రావడం ఏం న్యాయం?

నగరంలో పాత పత్రికలు లేవని కాదు. 1901 సెప్టెంబరు 1న కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకటరంగారావు వంటివారు పూనుకొని పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సుల్తాన్‌బజార్‌లో ఇప్పటికీ నిలిచే ఉంది. 1891లో అసఫియాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అఫ్జల్‌గంజ్‌లో ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తార్నాకలో ప్రభుత్వ పురాలేఖన భాండాగారం ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాన్ చేయించి ఇంటర్నెట్‌లో పెట్టింది. వీటిలో చాలా భాగం మనకు దక్కింది కొందరు దాతలు, లైబ్రేరియన్ల మొండి పట్టుదల వల్ల. పట్టుదల ఉన్న మనిషి రిటైరయ్యాక ఆ బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందన్నదే మా టెన్షన్.

తెలంగాణ చరిత్రకు ఈ కాగితాలు మరీ ముఖ్యం. నిజాం పాలనలో తెలుగు పత్రిక నడపడమే ఒక సాహసం. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి, ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వచ్చాయి. 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాద్‌లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. అది వారానికి రెండుసార్లు వచ్చేది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో ప్రత్యేక సంచిక తెచ్చింది కూడా ఆ పత్రికే. ఆ పేర్లలో చాలావాటికి ఇప్పటికీ ఆ సంచికే ఆధారం. ఇంకెక్కడా అచ్చు కాని మనుషులు పత్రికలోనే బతికి ఉంటారు.

ఉర్దూ పత్రికల సంగతి మరీ కష్టం. ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో రజాకార్లు చంపారని బడిపిల్లలకూ తెలుసు. ఆయన రాసిన సంపాదకీయం ఒక్కటైనా చదివిన తెలుగువాళ్లు ఎందరు? తప్పు పాఠకులది కాదు. ఆ కాలపు ఉర్దూ పత్రికలను కాతిబులనే లేఖకులు చేత్తో రాస్తే రాతి అచ్చులో వేసేవారు. వాటిని కంప్యూటర్‌తో చదివించడం ఇప్పటికీ సులువు కాదు. నిజాం దఫ్తర్ల పారశీక కాగితాల్లోని షికస్తా అనే గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు నగరంలో రోజురోజుకీ తగ్గిపోతున్నారు. చదివేవాళ్లను తయారు చేయకుండా స్కానర్లు మాత్రమే కొంటే మనకు మిగిలేది బొమ్మలే.

స్కానర్ మీద మనకు నమ్మకం కాస్త ఎక్కువైందని కూడా అనిపిస్తుంది. తెలుగు పేజీల్లోనూ పాత అచ్చులోని అరసున్న, బండి ఱ, అతుకులు అతుకులుగా పడిన ఒత్తులు చూసి యంత్రం తికమకపడుతుంది. వెతికిన పేరు దొరకలేదంటే ఆ పేరు పత్రికలో లేదని అర్థం కాదు, యంత్రం చదవలేదని అర్థం. అందుకే ముందు కావాల్సింది జాబితా. ఏ పత్రిక, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ గ్రంథాలయంలో, ఏ స్థితిలో ఉందో చెప్పే ఉమ్మడి పట్టిక ఒకటి అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇందుకు పెద్ద సాంకేతికత అక్కర్లేదు. ఓపిక ఉన్న పదిమంది, వాళ్లకు నెలనెలా జీతం చాలు. మరో మాట. స్కాన్ అయిపోయింది కదా అని అసలు కట్టలను తూకానికి వేయకూడదు.

కాగితానికీ ఆయుష్షు ఉంటుంది. గుడ్డపీలికలతో చేత్తో తయారుచేసిన మొఘలుల కాలపు కాగితం మూడు వందల ఏళ్ల తర్వాత కూడా మడత పెడితే విరగదు. కలపగుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింట్ మాత్రం ఎండ తగిలితే పసుపు రంగులోకి మారి, కొన్ని దశాబ్దాలకే ముట్టుకుంటే అప్పడంలా పెళుసుగా విరుగుతుంది. కలపలోని లిగ్నిన్ అనే పదార్థం, పేరుకునే ఆమ్లం ఇందుకు కారణం. చిరిగినచోట సెల్లోటేప్ అంటించడం మన ఆఫీసుల్లో ఇంకా ఆగలేదు. ఆ జిగురే కొన్నాళ్లకు అక్షరాలను తినేస్తుంది. క్లిప్పింగుల కోసం పేజీలను బ్లేడుతో కోసుకుపోయే పెద్దమనుషుల గురించి మర్యాదగా ఏమీ రాయలేం. కోసుకున్నవాళ్లు పత్రిక పేరు, తేదీ, ఎడిషన్ పక్కన రాసి పెట్టుకోరు. అటు సంచిక పాడవుతుంది, ఇటు ముక్క ఎందుకూ పనికిరాదు.

నీళ్ల సంగతి ఈ నగరానికి చెప్పనక్కర్లేదు. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లి మునిగినప్పుడు సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని ఉర్దూ గ్రంథ సంపద తడిసిపోయింది. అబ్దుల్ సమద్‌ఖాన్ అనే ఒక్క మనిషి జీవితమంతా కూడబెట్టిన పుస్తకాలు, పత్రికలు అవి. రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉన్నదేమో మూసీ ఒడ్డున. 1908 వరద ఎరిగిన నగరంలో పాత పత్రికల కట్టలు కింది అంతస్తులో పెట్టకూడదన్నది వేరే చెప్పాల్సిన సంగతి కాకూడదు.

ఇక ఉత్తరాలు. ఇవి ఏ చట్టం కిందా గ్రంథాలయానికి రావు. రచయితో, ఉద్యమకారుడో పోయాక కార్డుముక్కలు, ఇన్‌లాండ్ లెటర్లు అటక మీద కొన్నాళ్లుంటాయి. ఇల్లు మారేటప్పుడు పాతపేపర్లవాడికి కిలోల లెక్కన పోతాయి. కొన్ని అదృష్టం బాగుండి ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య తేలతాయి. వాళ్ల పిల్లలను తప్పుపట్టలేం. ఎవరికివ్వాలో వాళ్లకు తెలియదు. తెలిసినా ఇంటి గుట్టు బయటపడుతుందేమోనన్న సంకోచం ఉంటుంది. ఆ సంకోచానికి మందు ఉంది. ఇన్నేళ్లదాకా తెరవకూడదని షరతు పెట్టి ఇచ్చే వీలు కల్పించాలి. మన కాపీరైట్ చట్టం కూడా ఉత్తరం రాసినవారి హక్కును కాపాడుతుంది. రాసినవారు మరణించి 60 ఏళ్లు దాటాక ప్రజా గ్రంథాలయాల్లో ఉన్న అముద్రిత రచనలను పరిశోధన కోసం నకలు తీసుకోనిస్తుంది. దారి చట్టంలోనే ఉంది. చేతిలో రసీదు పెట్టి, ఉత్తరాలు తీసుకొని, జాబితా రాసి, పెట్టెలో భద్రంగా ఉంచే కౌంటర్ ఒకటి కావాలి. అది అఫ్జల్‌గంజ్‌లో ఉంటే మంచిది, తార్నాకలో ఉన్నా ఫర్వాలేదు.

డబ్బు లేదన్న జవాబు వస్తుంది. ఆస్తిపన్ను కట్టే ప్రతి ఇంటివారూ రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. వసూలైన ఆ సొమ్ము స్థానిక సంస్థల ఖాతాల్లో నిలిచిపోకుండా గ్రంథాలయ సంస్థలకు వేళకు చేరితే, అందులో కొంత భాగాన్ని పాత కాగితాల రక్షణకే కేటాయించమని అడుగుతున్నాం. దాంతోపాటు రాష్ట్ర ప్రభుత్వం సొంతంగా ఒక చట్టం తేవాలి. తెలంగాణలో అచ్చయ్యే ప్రతి పత్రికా, జిల్లా అనుబంధాలతో సహా, ఒక ప్రతిని హైదరాబాద్‌లో, మరో ప్రతిని జిల్లా కేంద్ర గ్రంథాలయంలో జమ చేయాలని అందులో ఉండాలి. ఊళ్ల వార్తలన్నీ ఇప్పుడు ఆ జిల్లా పేజీల్లోనే వస్తున్నాయి, అందరికంటే ముందు చెత్తబుట్టలోకి పోయేవీ అవే. చట్టం వస్తే ఆ ప్రతులు పంపే ఖర్చు పత్రికలపై పడుతుంది, మా పత్రికపైనా పడుతుంది. భరిస్తాం.